ఆకు నలిపి చూడండి

గున్నేశ్వరరావు గారి మీద నాకు పగ ఉంది. ఉండేది అనడం లేదు, ఉంది అనే అంటున్నాను. పగ తీరితే మనసు తేలికపడుతుందని కొందరు చెబుతారు. నాకు తీరాక కూడా కొంచెం మిగిలింది. మామిడి రసం పడిన చీర ఎంత ఉతికినా మరక కాస్త మిగులుతుంది చూడండి, అలాగ.

నా పేరు సూర్యకళ. కడియం పక్కన నర్సరీల్లో ఇరవై ఆరేళ్ళుగా మామిడి అంట్లు కడుతున్నాను. నేను కట్టిన వంద అంట్లలో తొంభై పైచిలుకు బతుకుతాయి. దాన్ని మావైపు చెయ్యి అంటారు. గున్నేశ్వరరావు గారు కూడా తన దగ్గరికొచ్చిన రైతులకు "ఇది సూర్యకళ చెయ్యండి" అని చెప్పే మొక్కలు అమ్మేవారు. నాకున్న ఆస్తల్లా ఆ పేరే. అది పోతే నేను గడ్డి పీకడానికి తప్ప ఎందుకూ పనికిరాను.

అంటు కట్టడమంటే పెద్ద రహస్యమేమీ కాదు. టెంక నుంచి మొలిచిన మామూలు మొక్క తల కోసి, మంచి రకం తల్లి చెట్టు నుంచి తెచ్చిన పుల్లను దాని మీద కట్టాలి. అతుక్కుంటే ఆ మొక్క పెద్దయ్యాక ఆ మంచి రకం కాయే కాస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, చిన్నప్పుడు ఏ రకమైనా చూడటానికి ఇంచుమించు ఒక్కలాగే ఉంటుంది. అందుకని మేం లేత ఆకొకటి తుంచి, వేళ్ళ మధ్య నలిపి, వాసన చూస్తాం. ఒక్కో రకానిది ఒక్కో వాసన. అదెలా ఉంటుందో మాటల్లో పెట్టమంటే నావల్ల కాదు. మా అమ్మ నా ముక్కు దగ్గర ఆకు పెట్టి పేరు చెప్పేది, అంతే, అలా వచ్చింది నాకు ఆ విద్య.

మూడేళ్ళ కిందట చింతలపూడి వైపు నుంచి వీరవెంకటసత్యనారాయణ గారనే రైతు వచ్చి కొత్తపల్లి కొబ్బరి అనే ఖరీదైన మామిడి రకం అంట్లు ఆరువందలు కావాలన్నారు. తల్లి చెట్టు నుంచి పుల్లలు నేనే కోశాను, నేనే కట్టాను. అన్నీ చక్కగా చిగుర్లు వేశాయి. సరిగ్గా అప్పుడే గున్నేశ్వరరావు గారి చేతికి కొత్త ఫోను, అందులోకి మాట్లాడే ఏఐ వచ్చాయి. ఏది అడిగినా ఆడగొంతుతో తెలుగులో జవాబు చెబుతుంది. ఆయన పొద్దున్నే కాఫీ తాగాలా టీ తాగాలా అన్నది కూడా దాన్నే అడగడం మొదలెట్టారు. మేం నవ్వుకునేవాళ్ళం. ఆ నవ్వు నా మీదికే వస్తుందనుకోలేదు.

ఒకరోజు ఆయన నా అంట్ల దగ్గర నిలబడి ఆకు ఫోటో తీశారు. తీసి, "ఇది కొత్తపల్లి కొబ్బరి అని కట్టారు. చూస్తే నాకు కలెక్టరులా ఉంది. కలెక్టరే కదండీ?" అని ఫోనుని అడిగారు. ఫోనుని కూడా అండీ అనే పిలిచేవారు, మమ్మల్ని తప్ప. అది, మీ పరిశీలన సరైనదే, ఆకు పొడవునూ అంచునూ బట్టి ఇది కలెక్టరు రకమే అనిపిస్తోందని చెప్పింది. కలెక్టరంటే చవక రకం. జ్యూసు ఫ్యాక్టరీలకు లారీల్లో పోతుంది.

అరగంటలో అందరినీ షెడ్డు కిందికి పిలిచారు. ఇరవై ముగ్గురం ఉన్నాం. ఫోనులో వచ్చిన జవాబు మళ్ళీ గట్టిగా వినిపించారు. నేను మంచి పుల్లలు బయట ఎవరికో అమ్ముకుని, వాటి బదులు కలెక్టరు పుల్లలు కట్టానన్నారు. ఆ ఆడగొంతు ఎంత నెమ్మదిగా, ఎంత మర్యాదగా ఉందంటే, నేనే కొత్తగా వింటుంటే దాన్నే నమ్మేదాన్ని.

"ఒక్క ఆకు నలిపి చూడండి గున్నేశ్వరరావు గారూ, మీకే తెలుస్తుంది" అన్నాను.

ఆయన నవ్వారు. "వాసన చూసి చెప్పడానికి నువ్వేమైనా కుక్కవా?" అన్నారు.

నాతో పద్దెనిమిదేళ్ళుగా పక్కపక్కన కూర్చుని అంట్లు కట్టిన పాపాయి తల దించుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది. "ఈ చెత్త నా నర్సరీలో ఉండటానికి వీల్లేదు. నువ్వు కట్టావు, నువ్వే పట్టుకుపో" అన్నారు. మా ఆయన రాజేంద్రకు ఆటో ట్రాలీ ఉంది. ఆరు ట్రిప్పులు వేసి మొక్కలన్నీ మా దొడ్లోకి చేర్చాడు. ఆఖరి ట్రిప్పు దింపాక, "అవి కొబ్బరే కదే?" అన్నాడు. మొగుడికి కూడా అనుమానం వచ్చిందంటే ఊరికి రాదా. వారం తిరక్కుండా చుట్టుపక్కల ఏ నర్సరీలోనూ నాకు పని లేకుండా పోయింది. అన్నేళ్ళ పేరు గోదాట్లో కలిసిపోయింది.

అప్పుడు పెట్టుకున్నాను పట్టు. ఆ షెడ్డు కిందే, ఆ అందరి ముందే, ఆయన చేత ఆకు వాసన చూపించాలి. నాకు జీతం అక్కర్లేదు, క్షమాపణ కూడా అక్కర్లేదు. ఆయన ముక్కు దగ్గరికి ఆకు వెళ్ళాలి, అది నేను చూడాలి.

కోపంలో మొదట చేసిన పని తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మా అమ్మాయి హారతి పాత ఫోను నా దగ్గరుంది. అందులోనూ అలాంటి ఏఐ ఉందని తెలిసి, జరిగిందంతా దానికి చెప్పి, లాయరు నోటీసు రాసిపెట్టమన్నాను. రాసింది చూడండి, చదువుతుంటే నాకే ఒళ్ళు గగుర్పొడిచింది. సెక్షన్లు, నంబర్లు, పనివాళ్ళ పరువు తీస్తే ఏం శిక్షో, నాలాగే రామచంద్రపురంలో ఒక నర్సరీ పనిమనిషి గెలిచిన కేసు, దాని తేదీతో సహా. కాగితం మీద అచ్చు వేయించి, రాజమండ్రి కోర్టు దగ్గర రమేష్ బాబు గారనే లాయరు దగ్గరికి పట్టుకెళ్ళాను. గున్నేశ్వరరావు గారి పని అయిపోయిందనే అనుకున్నాను.

లాయరుగారు రెండుసార్లు చదివారు. పుస్తకాలు తిరగేశారు, కంప్యూటర్లో వెతికారు.

"ఈ కేసు ఎక్కడిదమ్మా?" అన్నారు.

"ఫోను చెప్పిందండి."

"ఇలాంటి కేసే లేదు. ఈ సెక్షను పడవలకు సంబంధించింది. ఉత్తరం మాత్రం బ్రహ్మాండంగా రాసింది, నేను కూడా ఇంత బాగా రాయలేను."

ఆయన ఎగతాళిగా అనలేదు, అయినా నాకు చెంప పగిలినట్టే ఉంది. గున్నేశ్వరరావు గారిని ఏ గొంతు మోసం చేసిందో, నన్నూ అదే గొంతు మోసం చేసింది. తిరుగు బస్సులో పళ్ళు నూరుకుంటూ, తిట్టుకుంటూ కూర్చున్నాను. ఆ తిట్లు ఫోనుకా, ఆయనకా, నాకా అన్నది నాకే తెలియలేదు.

సరిగ్గా ఆ నెలలోనే మా డ్వాక్రా సంఘం వాళ్ళు ఏఐ గురించి ఏమీ తెలియనివాళ్ళ కోసం నాలుగు ఆదివారాలు క్లాసులు పెట్టారు. చెప్పడానికి కొవ్వూరు నుంచి శ్రీదివ్య అనే కాలేజీ లెక్చరరు వచ్చేది. సన్నగా, చలాకీగా ఉండే పిల్ల. నన్ను పిన్నిగారూ అని పిలిచేది. మిగతావాళ్ళు ఫోనుతో పాటలు రాయించుకోవడం నేర్చుకుందామని వచ్చారు. నేను మాత్రం శత్రువు బలమెంతో తెలుసుకుందామని వెళ్ళాను. ముందు వరసలో కూర్చున్నాను.

మొదటి క్లాసులోనే శ్రీదివ్యను అడిగేశాను. "అది లేని కేసు ఉందని ఎందుకు చెప్పిందమ్మా? దానికి నామీద కక్షా?"

"దానికి కక్షా లేదు, ప్రేమా లేదు పిన్నిగారూ. అది లోకంలో ఉన్న రాతలన్నీ చదివింది. ఒక మాట తర్వాత ఏ మాట వస్తే బాగుంటుందో ఊహిస్తూ పోతుంది. నోటీసులో కేసు నంబరు ఉండాలని దానికి తెలుసు. ఆ నంబరు నిజమా కాదా అన్నది దానంతట అది సరిచూసుకోదు."

"మరి అంత ధీమాగా ఎలా చెబుతుంది?"

"తెలిసినప్పుడూ తెలియనప్పుడూ దాని గొంతు ఒక్కటే. మనిషైతే తెలియకపోతే తడబడతాడు కదా. అది తడబడదు. నాకు తెలియదు అనడం దానికి చాలా కష్టం."

"అలాంటి మనిషి ఒకాయన నాకు తెలుసులే" అన్నాను. అందరూ నవ్వారు. అక్కడున్న సగం మందికి ఆయనెవరో తెలుసు.

రెండో ఆదివారం నా దొడ్లో నుంచి ఒక ఆకు తీసుకెళ్ళాను. శ్రీదివ్య దాన్ని ఫోటో తీసి, నా చేతే మూడు రకాలుగా అడిగించింది. ఇది కలెక్టరు కదా అంటే అవునంది. కాదు, ఇది బంగినపల్లి కదా అంటే, పొరపాటుకు క్షమించండి, బంగినపల్లే అంది. మూడోసారి శ్రీదివ్య నాకు వేరేగా నేర్పింది. "మీకు అనుమానం ఉన్నట్టు చెప్పకండి. పేరూ చెప్పకండి. ఈ ఆకు చూసి రకం ఖాయంగా చెప్పగలవా, చెప్పలేకపోతే ఎందుకు చెప్పలేవో చెప్పు అని అడగండి." అలా అడిగాను. అప్పుడు చెప్పింది మహాతల్లి, మామిడి లేత మొక్క ఆకు ఫోటో ఒక్కటే చూసి రకం ఖాయంగా చెప్పలేను, కాయ చూడాలి, లేదా అనుభవం ఉన్నవాళ్ళు ఆకు నలిపి వాసన చూసి చెప్పగలరు అని.

నేను షెడ్డు కింద చెప్పిన మాటే అది. దాన్ని సరిగ్గా అడిగి ఉంటే ఆ రోజే నా తరఫున సాక్ష్యం చెప్పేది. గున్నేశ్వరరావు గారు దాన్ని అడగలేదు, తన అనుమానానికి తోడు తెచ్చుకున్నారు. అది తెలిశాక నా కోపం ఫోను మీద నుంచి పూర్తిగా దిగిపోయి, మొత్తంగా ఆయన మీదే నిలిచింది.

ఆ మూడో జవాబే నాకు దారి చూపించింది. కాయ చూడాలంది కదా, సరే, కాయే చూపిద్దాం అనుకున్నాను. ఆరువందల మొక్కల్నీ పెద్ద సంచుల్లోకి మార్చాను. రెండింటిని మాత్రం నేలలో పాతి, పూత వస్తే తుంచకుండా వదిలేశాను. మామూలుగా అంత చిన్న మొక్క మీద పూత నిలవనివ్వకూడదు, బలం పోతుంది. పోతే పోనీ అనుకున్నాను. ఈలోగా ఫోనుని మాత్రం గొడ్డులా పని చేయించుకున్నాను. ఏ వరసకు ఏ రోజు నీళ్ళు పెట్టాలో పట్టిక రాసిచ్చేది. మందు డబ్బాల మీద ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పేది. ఆ మాట మళ్ళీ హార్టికల్చరు ఆఫీసరు గారిని అడిగి గానీ పిచికారీ చేసేదాన్ని కాదు. రెండుసార్లు అది చెప్పిన మోతాదు తప్పని ఆయన చెప్పారు. మిగతా అన్నిసార్లూ ఒప్పే. పని తెలిసినా ఒళ్ళు తెలియని కూలీ మీద కన్నేసి ఉంచినట్టు ఉంచాను.

రెండో వేసవికి నా రెండు మొక్కలకూ కలిపి పదకొండు కాయలు నిలిచాయి. గుండ్రంగా, అచ్చమైన కొత్తపల్లి కొబ్బరి. మా ఆయన ఒక కాయ చేతిలో పట్టుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. "ఆ రోజు నేను అడక్కుండా ఉండాల్సింది" అన్నాడు. అవును, ఉండాల్సింది అన్నాను. అతన్ని వదిలేశాను గానీ ఊరికే వదల్లేదు, నెలరోజులు ట్రాలీ మీద ఎరువు మోయించాను.

ఆ మే నెలలోనే పాపాయి మా ఇంటికి పరుగెత్తుకుంటూ వచ్చింది. నా అంట్లు పారేశాక గున్నేశ్వరరావు గారు బయట ఎక్కడో ఆరువందల మొక్కలు కొని, వాటి ఫోటోలు ఫోనుకి చూపించి, ఇవి కొత్తపల్లి కొబ్బరే కదండీ అని అడిగి, అది అవునన్నాక ఆ చింతలపూడి రైతుకి పంపించారట. వాటిలో కొన్ని ఆ ఏడు కాపుకొచ్చాయి. కాయలు పొడుగ్గా, కింద ముక్కుతో ఉన్నాయి. ముక్కుంటే అది కలెక్టరేనని చంటిపిల్లలకు కూడా తెలుసు. వీరవెంకటసత్యనారాయణ గారు బుట్టెడు కాయలు తెచ్చి షెడ్డు మధ్యలో కుమ్మరించారట. "రెండేళ్ళు పోయాయండి నాకు. పదిహేను రోజుల్లో ఇదే ఈడు మొక్కలు, అసలైనవి ఇవ్వండి. లేకపోతే మీ పేరు ప్రతి నర్సరీ గేటు దగ్గరా చెబుతాను" అన్నారట.

రెండేళ్ళ వయసున్న ఆరువందల కొత్తపల్లి కొబ్బరి అంట్లు ఈ చుట్టుపక్కల ఒక్క చోటే ఉన్నాయి. ఆ సంగతి గున్నేశ్వరరావు గారికీ తెలుసు. మర్నాడే మా గుమ్మంలోకి వచ్చారు. అరుగు మీద కూర్చోమంటే కూర్చోలేదు. దొడ్లోకి చూస్తూ నిలబడ్డారు. మొదటిసారి నన్ను మీరు అన్నారు.

"జరిగిందేదో జరిగిపోయింది సూర్యకళ గారూ. ఆ మొక్కలు నాకు కావాలి."

"ఆయ్, మాట్లాడుకుందామండి. ఇక్కడ కాదు, మీ షెడ్డు కింద. రేపు పదింటికి. ఆ రోజు ఎవరెవరున్నారో అందరూ ఉండాలి. ఆ రైతుగారు కూడా."

"ఎందుకు అందరూ?"

"ఆ రోజు ఎందుకండీ?"

ఆయన వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు.

మర్నాడు నేను మా నాలుగో ఆదివారం క్లాసుకి కట్టుకున్న చీరే కట్టుకుని వెళ్ళాను. ఆ రోజు ఉన్నవాళ్ళలో ఇద్దరు పని మానేశారు, మిగతా అందరూ ఉన్నారు. రైతుగారు కుర్చీలో కూర్చున్నారు. నేను రెండు లేత ఆకులు బల్ల మీద పెట్టాను. ఒకటి నా దొడ్లోది, ఒకటి రైతుగారు తెచ్చిన కొమ్మ మీదిది.

"ఏది ఏ రకమో చెప్పండి గున్నేశ్వరరావు గారూ."

ఆయన చెయ్యి అలవాటుగా జేబులోకి వెళ్ళింది. నేను వద్దనలేదు. ఆయన ఫోటో తీశాక ఫోను ఇటివ్వమని తీసుకుని, అందరికీ వినపడేలా పెట్టి, నా ఆకు చూపించి, కలెక్టరు కదండీ అన్నాను. అవునంది. కాదు కాదు, కొత్తపల్లి కొబ్బరి కదండీ అన్నాను. క్షమించమంది, కొత్తపల్లి కొబ్బరే అంది. అదే ఆడగొంతు, అదే నెమ్మది. వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు పాకింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నాకెంత బాగుందో దాచుకోను, రెండేళ్ళుగా ఆ ఎరుపు కోసమే ఎదురుచూశాను.

"దాని తప్పేం లేదండి" అన్నాను. "దానికి కళ్ళున్నాయి, ముక్కు లేదు. మీకు రెండూ ఉన్నాయి. నలిపి వాసన చూడండి."

ఆయన రైతుగారి వైపు చూశారు. రైతుగారు, "చూడండి మరి" అన్నారు. ఆయన ఒక ఆకు తీసి వేళ్ళ మధ్య నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. తర్వాత రెండోది. మళ్ళీ మొదటిది. పాపాయి ఈసారి తల దించుకోలేదు. ముప్పై ఏళ్ళుగా నర్సరీ నడుపుతున్న మనిషికి రెండాకుల వాసనకీ తేడా పట్టుబడలేదు.

"తెలియదు" అన్నారు చివరికి, బల్ల వైపు చూస్తూ.

"వెనకవాళ్ళకి వినపడలేదండి."

"నాకు తెలియదు" అన్నారు గట్టిగా.

నేను రెండు ఆకులూ తీసుకుని, కళ్ళు మూసుకుని, పాపాయి చేత అటూ ఇటూ మార్పించి, మూడుసార్లు వాసన చూసి మూడుసార్లూ ఏది ఏదో చెప్పాను. అప్పుడు రైతుగారి వైపు తిరిగి, "మీ ట్రాక్టరు మా దొడ్డి దగ్గరికి పంపండి. మొక్కలు నేనే ఇస్తాను, కాయ కోసి చూపించి మరీ ఇస్తాను. మొక్కకు కట్టే చీటీ మీద పేరు మాత్రం నాదే ఉంటుంది" అన్నాను.

గున్నేశ్వరరావు గారు నోరు వెళ్ళబెట్టారు. "నాకిస్తానన్నావు కదా" అన్నారు. నువ్వులోకి దిగిపోయారు మళ్ళీ.

"నేను మాట్లాడుకుందామన్నానండి. ఇస్తానని మీరే అనుకున్నారు. మీరు అనుకున్నదానికల్లా అవుననడానికి నేను ఫోనుని కాదు."

ఆ ఏడాది ఆయన దగ్గర మామిడి కోసం ఎవరూ రాలేదు. షెడ్డులో సగం ఖాళీ అయింది. పాపాయి ఇప్పుడు నా దగ్గరే పనిచేస్తోంది. నా పేరు నాకు తిరిగొచ్చింది, ఇంకాస్త పెద్దదై వచ్చింది. అయితే మొన్న శ్రీదివ్య వచ్చినప్పుడు జరిగిందంతా విని, "వాసన చూపించారు, తెలియదనిపించారు. అక్కడితో ఆగి, మొక్కలు ఆయనకే ఇచ్చి ఉండాల్సింది కదా పిన్నిగారూ. పెద్దాయన, కోలుకోలేరేమో" అంది.

ఆ మాట లోపల గుచ్చుకుంది. ఆవిడ వెళ్ళాక ఫోను తీసి, అంత కఠినంగా ఉండటం నాది తప్పే కదా అని అడిగాను. అవును, మీరు కాస్త కరుణ చూపించి ఉండవచ్చు అంది. కాసేపాగి, ఆయన నన్ను కుక్కన్నాడు, నేను చేసింది న్యాయమే కదా అని అడిగాను. మీ బాధ అర్థమైంది, మీరు చేసింది న్యాయమే అంది. నవ్వొచ్చి ఫోను పక్కన పెట్టేశాను. ఈ సంగతి అడగాల్సింది దాన్ని కాదు.

దొడ్లోకి వెళ్ళి చిగురొకటి తుంచి నలిపి వాసన చూస్తూ కూర్చున్నాను. నేను చేసింది తప్పో ఒప్పో నాకు తెలియదు. నాకు తెలియదు అని నా నోటితో పైకి అనడం నాకూ అదే మొదటిసారి. హాయిగా మాత్రం ఉంది.